సమాధులకు పాస్‌పోర్టు ఫొటోలు

మా బావను ఊళ్లో చాలామంది 'నవ్వకండి గారు' అంటారు. ఎదురుగా అనరు, ఆయన అటు తిరిగాక అంటారు. నేను ఎదురుగానే అంటాను. మరదలిని, ఆ మాత్రం హక్కు నాకుంది.

ముప్పై ఒక్క ఏళ్లపాటు ఆయన ఒకటే పని చేశాడు. ఇరుకు గది, ఒక స్టూలు, వెనక తెల్లగోడ, చెరో పక్కా ఒక లైటు. వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం పైకి. చెవులు రెండూ కనబడాలి. పళ్లు కనబడకూడదు. కదలకండి, నవ్వకండి" అని ఒక్క గుక్కలో అనేసి బటన్ నొక్కేవాడు. కొత్త ఉద్యోగంలో చేరబోయేవాడైనా, మొగుడు పోయి పింఛను కాగితాల కోసం వచ్చిన ముసలావిడైనా ఆయనకు ఒకటే. స్టూలు ఎత్తు మార్చేవాడు గానీ మాట మార్చేవాడు కాదు. దీన్ని ఆయన ఫొటోగ్రఫీ అనేవాడు. పోస్టాఫీసులో ముద్రలు గుద్దేవాడికి కూడా ఇంతకంటే ఊహ కావాలని నేననేదాన్ని.

ఆ స్టూడియో నడిచిందంటే మా అక్క వల్ల నడిచింది. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా పెట్టుకుని కూర్చునేది. ఒకరి కాలరు సర్దేది, ఒకరి జుట్టు చెవుల వెనక్కి దువ్వేది, ఏదో ఒకటి అని నవ్వించేది. తనూ నవ్వేది. నవ్వితే పై వరసలో ఒక పన్ను కాస్త ముందుకు వచ్చేది, ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. ముందు గదిలో అక్క నవ్వించి పంపిన మనుషులను లోపలి గదిలో ఈయన ఆపేవాడు. ఆ గుమ్మం దాటేసరికి అందరి మొహాలూ పరీక్ష తప్పినవాళ్ల మొహాల్లా తయారయ్యేవి. ఆ మొహాలు నాకు బాగా తెలుసు, ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచర్‌గా చేశాను.

ఆఫీసులవాళ్లు కౌంటర్ దగ్గరే ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాక స్టూడియో మూతపడింది. స్టూలు ఇంటికొచ్చింది, దాంతోపాటు ఈయనా వచ్చాడు. రెండూ వరండాలో ఒకేచోట ఉండేవి. నేను మేడమీద ఉంటాను కాబట్టి దిగినప్పుడల్లా రెండింటినీ తప్పించుకుని నడవాల్సి వచ్చేది.

ఆ తర్వాతి ఏడాది అక్కకు ఎడమ చెవి కింద గడ్డ లేచింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఆరు వారాల్లో ఆపరేషన్ అంది. ప్రాణానికి భయం లేదంది. కానీ గడ్డ నరాన్ని పట్టుకుని ఉంది, దాంతోపాటు నరమూ తీసేయాలి, ఆ తర్వాత ఎడమవైపు మొహం కదలదు అంది. అక్క, "అంటే నవ్వు?" అని అడిగింది. "సగం ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఆవిడ మంచిదే, అబద్ధం చెప్పలేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అక్క బావతో అంది. "ఏమండీ, ఈ ఆరు వారాల్లో నాకొక ఫొటో తీయండి. బయట, వెలుతురులో. నేను నవ్వుతూ ఉండాలి."

నేను మధ్యలో దూరాను. "నా ఫోన్లో బోలెడున్నాయి కదే నీ నవ్వులు."

"నువ్వు తీసినవి కాదే. ఈయన నన్ను ఎన్నిసార్లు తీశారో లెక్కపెట్టుకో. బ్యాంకుకొకటి, గుర్తింపు కార్డుకొకటి, పింఛనుకొకటి. అన్నిట్లో నోరు మూసుకునే ఉన్నాను. ఒక్కసారి ఈయన ఎదురుగా కూర్చుని నవ్వాలి, ఈయన చూసి తీయాలి. అంతే నాకు కావాల్సింది."

బావ కంచంలోకి చూస్తూ, "బయట వెలుతురు నాకు తెలీదు" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు కెమెరా పట్టినవాడు అన్న మాట ఇది. ఈత రాని చేప ఒకటి ఉంటుందని నేను అప్పుడే తెలుసుకున్నాను. కానీ అక్క ఆయన వంకే చూస్తూ కూర్చుంది. చివరికి, "నేర్చుకుంటాను" అన్నాడు.

ఎక్కడ నేర్చుకున్నాడనుకుంటున్నారు? పార్కులో కాదు, చెరువు గట్టున కాదు. శ్మశానంలో. కెమెరాలు బాగుచేసే మనిషి ఒకడు సలహా ఇచ్చాడట: 'ఔట్‌డోర్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు పాత సమాధుల తోటను మించింది లేదు. ఎండ ఉంటుంది, నీడ ఉంటుంది, చెక్కిన మొహాలుంటాయి. ఎవరూ కదలరు, తొందరపెట్టరు, ఫొటో బాగా రాలేదని తిట్టరు.' ఆ చివరి మాట ఈయనకు బాగా నచ్చి ఉంటుంది. పుర్రెకో బుద్ధి అంటారు, ఈయన పుర్రెల మధ్యకే పోయి బుద్ధి నేర్చుకుంటానన్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే కెమెరా సంచీ, ఒక దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరాడు. వారం గడిచినా దుప్పటి ఎందుకో అర్థం కాక, "వెళ్లి చూసిరావే, అక్కడే పడుకుంటున్నారేమో" అని అక్క నన్ను పంపింది. టీ ఫ్లాస్కు ఒకటి చేతికిచ్చింది.

ఆ తోట ఊరి చివర, పాత గోడ లోపల ఉంటుంది. కొత్తగా అక్కడ ఎవరినీ పూడ్చడం లేదు. రాళ్లు కొన్ని ఒరిగిపోయాయి, కొన్ని నాచు పట్టి పచ్చబడ్డాయి. గేటు దగ్గర కాపలా ముసలాయన నన్ను ఆపాడు.

"ఆయన మీ మనిషేనా అమ్మా?"

"మా అక్క మొగుడు" అన్నాను. మా మనిషని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"రాళ్లను నవ్వొద్దంటున్నాడమ్మా. ఇరవై ఏళ్ల నుంచి ఇక్కడున్నా, ఒక్క రాయి కూడా నవ్వగా నేను చూళ్లేదు."

లోపలికి వెళ్లి చూస్తే నా తల తిరిగిపోయింది. ఆ దుప్పటి తెల్లది. దాన్ని రెండు కర్రలకు బట్టల క్లిప్పులతో బిగించి ఒక సమాధి రాయి వెనక నిలబెట్టాడు. చుట్టూ చెట్లు, ఆకుల్లోంచి దిగుతున్న ఎండ, విరిగిన రాతి రెక్కలు, అన్నీ ఉండగా వాటన్నిటినీ దుప్పటితో మూసేశాడు. రాయికి ఎదురుగా సరిగ్గా మధ్యలో నిలబడి, ఫ్లాష్ వేసి, "కదలకండి, నవ్వకండి" అని నొక్కుతున్నాడు. తర్వాత దుప్పటి పీకి పక్క రాయి వెనక పాతుతున్నాడు. ఆ పొద్దున అప్పటికి పదకొండు రాళ్లు అయ్యాయట.

"ఏంటి బావా ఇది? వీళ్లంతా ఏ దేశం వెళ్తున్నారు?" అన్నాను.

"వెనక ఏమైనా ఉంటే మనిషి కనబడడు టీచరమ్మా" అన్నాడు చాలా గంభీరంగా.

"మనిషి కింద ఉన్నాడు. నువ్వు తీస్తున్నది రాయి. అయినా చావు తర్వాత కూడా నీ చేతిలో పడాల్సి వచ్చిందంటే, వీళ్లు బతికుండగా ఏం పాపం చేశారో."

ఆయన ఫ్లాస్కు తీసుకున్నాడు. నేను ఇంటికొచ్చి అక్కకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అక్క కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ గడ్డ చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వారం రోజులు ఇలా తగలేశాడు, ఉన్నవి ఆరు వారాలు. ఈ మొద్దు దద్దమ్మ చేతిలో మా అక్క నవ్వు ఉందే అనుకున్నాను. అలాగే పైకీ అన్నాను.

ఇక రోజూ ఫ్లాస్కు నేనే తీసుకెళ్లాను. చేతకాని పిల్లాడి నోటుబుక్కు తిరగేసినట్టు ఆయన తీసినవన్నీ తిరగేసేదాన్ని. పాలరాయి బూడిదరంగులో వచ్చింది, తప్పు. చెట్టుకింద తీసిన రాతి మొహం మీద ఎండ మచ్చలు పడి బొల్లి వచ్చినట్టుంది, తప్పు. మిట్టమధ్యాహ్నం తీసిన దాంట్లో అక్షరాలే లేవు, తప్పున్నర. నాకు ఫొటోల సంగతి ఏం తెలుసు? ఏమీ తెలీదు. తప్పులు పట్టడానికి అంత తెలియనక్కర్లేదు.

ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకునేవాడు. ఏ రాయి, ఏ వేళ, మబ్బా ఎండా. మూడో వారానికి ఫ్లాష్ మానేశాడు. పొద్దుటి ఎండ పక్కనుంచి తగిలితే అరిగిపోయిన అక్షరాలు కూడా లేస్తాయని కనుక్కున్నాడు. తూర్పు వైపు గోడకింద ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా మెత్తని వెలుతురు ఉంటుందని కనుక్కున్నాడు. నాలుగో వారానికి దుప్పటి రాయి వెనక నుంచి పక్కకొచ్చింది. దాన్ని ఎండలో పట్టుకుంటే ఆ తెలుపు ఎదురు తిరిగి నీడవైపు మొహం మీద పడుతుందట. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. "దుప్పటిని కనిపెట్టినవాడికి చెప్పు, సంతోషిస్తాడు" అన్నాను.

ఒక్క విషయం మాత్రం నాకు ఎంతకీ మింగుడు పడలేదు. ఆ గోడకింద ఒక సమాధి మీద ఆడమనిషి రాతిబొమ్మ ఉంది, తల నుంచి భుజాల దాకా. ఎడమ బుగ్గ ఎప్పుడో ఊడిపోయింది. కన్నూ, ముక్కూ, కుడివైపు పెదవీ బాగానే ఉన్నాయి, ఎడమపక్క మాత్రం వట్టి గరుకు రాయి. ఆయన రోజూ వెళ్లే ముందు దీన్ని తీసేవాడు. ఎడమనుంచి, కుడినుంచి, ఎదురుగా. పుస్తకంలో మూడు పేజీలు దీనికే పోయాయి.

"ఇంత తోటలో నీకు పగిలిన మొహమే దొరికిందా?" అన్నాను. "మంచివి పెట్టుకుని దీంతో ఏం పని?"

"ఇదీ నేర్చుకోవాలి" అన్నాడు.

తాడిచెట్టు ఎందుకు ఎక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికి ఒకడు. ఇక అడగడం మానేశాను.

ఇదంతా సరే. ఇంత నేర్చుకున్నా ఆయన నోరు మాత్రం మారలేదు. దుప్పటి ఎటుంటేనేం, ఎండ ఎటుంటేనేం, వేలు బటన్ మీద పడిందంటే నోట్లోంచి ఆ రెండు మాటలూ ఊడిపడేవి. 'కదలకండి, నవ్వకండి.' పగిలిన బొమ్మతో కూడా అనేవాడు. ఒకరోజు నేను పట్టుకుని దులిపేశాను. "అక్కతో ఇలాగే అంటావా?" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. తను అంటున్నట్టు ఆయనకే తెలీదట! ఆ తర్వాత నుంచి నొక్కే ముందు పెదాలు బిగపట్టడం మొదలుపెట్టాడు. పది సార్లలో ఏడెనిమిది సార్లు ఆగేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మధ్యలో వచ్చిన బుద్ధి కూడా అంతేనని ఈయన్ను చూశాక తెలిసింది.

ఆరో వారంలో ఫొటో అనుకున్నాం. ఆరో వారమంతా వాన. ఆదివారం వాన, సోమవారం ముసురు, మంగళవారం కుండపోత. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి అక్క ఆసుపత్రిలో చేరాలి. శుక్రవారం పొద్దున్న తెరిపిచ్చి ఎండ వచ్చింది. బావ గోడ గడియారం చూసి, "ఎనిమిదిన్నరకల్లా గోడకింద ఉండాలి" అన్నాడు.

"ఏ గోడ?" అన్నాను.

ఏ గోడో తెలిసేసరికి నాకు నషాళానికంటింది. ఆపరేషన్‌కు వెళ్లే మనిషిని ఎవరైనా సమాధుల మధ్యకు తీసుకెళ్తారా? ఇంటి ముందు లేదా వెలుతురు? లేదట. ఉంది గానీ అది ఆయనకు తెలీదట. ఆయనకు తెలిసిన వెలుతురు ఈ భూమ్మీద ఆ గోడకింద మాత్రమే ఉంది, అదీ అరగంట. ఒక్క లెక్క బట్టీపట్టి పరీక్షకొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. నేను అరుస్తుంటే అక్క చెప్పులేసుకుంది. "పదవే. వాళ్లందరికీ నవ్వొద్దని చెప్పి ఉంచారు కదా, నేనొక్కదాన్నే నవ్వొచ్చు" అంది.

తోటంతా తడిగా ఉంది. బావ గోడకింద రాతి బెంచీ తుడిచి అక్కను కూర్చోబెట్టాడు. నా చేతికి దుప్పటి ఇచ్చి, ఎక్కడ నిలబడాలో, ఎంత వంచాలో చెప్పాడు. అక్క మొహం మీద తెల్లటి వెలుగు పడింది. నిజం చెప్పాలంటే అక్కను అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు. గేటు దగ్గర కాపలా ముసలాయన చేతులు జోడించి వంగి వంగి దండం పెట్టిన తీరు తలుచుకుని అక్క ఇంకా నవ్వుతూనే ఉంది. సొట్ట పడింది, పన్ను కనబడింది. బావ కెమెరా కంటికి ఆనించాడు. పెదాలు బిగపట్టాడు. అన్నీ కుదిరాయి.

నా నోరు ఊరుకోలేదు.

"త్వరగా నొక్కు బావా! రాళ్లకు తీసినట్టు తీయకు. ఇది రాయి కాదు, మా అక్క. ఇదైనా సరిగా తీసి ఏడు" అన్నాను.

ఆయన నావైపు ఒక్కసారి చూసి మళ్లీ కెమెరాలోకి చూశాడు. బిగపట్టిన పెదాలు విడిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ల మాట ఆగకుండా వచ్చేసింది.

"కదలకండి, నవ్వకండి."

పెళ్లాన్ని అండీ అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే పడి పడి నవ్వేవాళ్లం. కానీ అక్క ఆ మాటను ముందు గదిలో కూర్చుని ముప్పై ఒక్క ఏళ్లు విన్న మనిషి. వినగానే టక్కున నోరు మూసింది. గడ్డం పైకి లేచింది. క్లిక్ మంది.

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అక్కకు అర్థమై కళ్లు నిండిపోయాయి. మళ్లీ తీశాడు. పద్నాలుగు తీశాడు. నవ్వు అడిగితే రాదు కదా. అన్నిట్లో పెదాలు సాగదీసి పళ్లు చూపించింది, అంతే. తొమ్మిది దాటగానే ఎండ గోడ మీదనుంచి బెంచీ మీదికి దిగి, మచ్చలు మచ్చలుగా మొహం మీద పడింది. "ఇక చాలండీ, వెళ్దాం" అంది అక్క.

ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, నరం పోయింది. ఇంటికొచ్చాక అక్క అద్దం ఉన్న గదిలోకి వెళ్లడం మానేసింది. మాట్లాడితే చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేను బావను వదిలిపెట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన మళ్లీ రోజూ కెమెరా పట్టుకుని తోటకు పోతుంటే, మెట్ల మీద నిలబడి వినబడేలా అనేదాన్ని. "ఒక్క రోజు నోరు మూసుకోవడం చేతకాలేదు. ఇప్పుడు వెళ్లి ఎవరికి తీస్తావు?" నాలుగు నెలలు అన్నాను. ఆయన ఒక్కరోజు కూడా, 'నువ్వు ఆ మాట అనకపోయి ఉంటే' అనలేదు. అంటాడని ఎదురుచూశాను. అంటే పోట్లాడ్డానికి నా జవాబు సిద్ధంగా ఉంది.

ఐదో నెలలో ఒక పొద్దున అక్కే దుప్పటి తీసి నా చేతికిచ్చింది. "పద. నువ్వు మాత్రం నోరు మూసుకో" అంది. ఆవిడను ఎలా ఒప్పించాడో నాకు చెప్పలేదు. తర్వాత చూశాను, బల్లమీద ఆ పగిలిన రాతిబొమ్మ ఫొటోలు పరిచి ఉన్నాయి, అరవయ్యో డెబ్బయ్యో. మొదటివాటిలో పగులు ఒక్కటే కనబడుతుంది. చివరివాటిలో ఒక ఆడమనిషి కనబడుతుంది. ఈయన ఆ ఆరు వారాలూ రెండు ఫొటోలు నేర్చుకున్నాడన్న మాట, ఆపరేషన్ ముందుదీ, తర్వాతదీ. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన నాకు అది తట్టలేదు.

గోడకింద అదే బెంచీ. ఈయన అక్కను కుడివైపు తిప్పి, బాగున్న బుగ్గ కనబడేలా తీస్తాడనుకున్నాను. ఏ వెధవైనా అదే చేస్తాడు. తిప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, తనూ సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. చెంగు నెమ్మదిగా తీసి భుజం మీద వేశాడు. జుట్టు చెవుల వెనక్కి దువ్వాడు. నేను దుప్పటి పట్టుకుని నాలుక కరుచుకుని నిలబడ్డాను. నా అవస్థ చూసి అక్క పొట్ట కదలడం మొదలైంది.

బావ కెమెరా కంటికి ఆనించుకుని, "నవ్వు" అన్నాడు.

కుడివైపు లేచింది. ఎడమవైపు లేవలేదు. ఆయన నొక్కాడు.

ఇప్పుడు ఇంట్లో ముందు గదిలో రెండు ఫొటోలు పక్కపక్కనే ఉన్నాయి. రెండోది చూసినవాళ్లంతా ఎవరు తీశారని అడుగుతారు. రెండు చెవులూ కనబడతాయి, సగం పళ్లు కనబడతాయి, నవ్వు మాత్రం అక్కదే, ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. మొదటిదాని గురించి ఎవరూ అడగరు. అక్క నోరు మూసుకుని ఉంటుంది. ఎడమ అంచున తెల్లగుడ్డ కొస, దాన్ని పట్టుకున్న నా నాలుగు వేళ్లు కనబడతాయి. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు అక్క మూసుకున్న నోరు కనబడదు, నేను మూయని నోరు కనబడుతుంది.

ఆ వేళ్లు కత్తిరించి పడెయ్యి బావా, ఫొటో పాడవుతోంది అని ఒకరోజు అడిగాను. ఆయన అద్దం తుడుస్తూ, "ఉండనీ టీచరమ్మా" అన్నాడు. "దుప్పటి బాగా పట్టుకున్నావు ఆ రోజు."